కుప్పనే సున్నా అనుకున్న కెమెరా

ముందు ఒక మాట తేల్చుకుందాం. థర్మల్ కెమెరా అబద్ధం చెప్పదని మీకెవరైనా చెబితే, ఆ మనిషి దాన్ని అమ్మేవాడైనా అయి ఉండాలి, దాన్ని ఏనాడూ ఏసీ గది దాటించనివాడైనా అయి ఉండాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ కెమెరా లోపలి కన్ను తయారుచేసే పనిలో ఉండి చెబుతున్నాను. అది చూస్తుంది. చూసినదాంట్లో ఏది చూపించాలో మాత్రం మనం చెబుతాం. మనం ఎట్లాంటివాళ్ళమైతే అదీ అట్లాంటిదే అవుతుంది.

పోయిన నెల ఖమ్మంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు పిలిచి క్వాంటం పరికరాల మీద మాట్లాడమన్నారు. మాట్లాడాను. చివర్లో ముందు వరస అమ్మాయి ఒకతి లేచి, "మేడమ్, ఈ పనిలకు రావాలంటే ఏం కావాలె?" అని అడిగింది. పక్కన ప్రిన్సిపాల్ శాలువా మడత చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు, ఎప్పుడు కప్పుదామా అని. "కష్టపడే గుణం" అని చెప్పి కూర్చున్నాను. అది తప్పించుకునే జవాబు. కష్టపడే గుణం గాడిదకూ ఉంటుంది. ఆ పిల్లకు చెప్పాల్సిన అసలు జవాబు చాలా పొడుగు, అందులో నాకు మర్యాద తెచ్చే విషయాలు తక్కువ. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను.

మాది ఇల్లందు. నాన్న బొగ్గు బావిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. డిగ్రీ ఖమ్మంలో, ఎమ్మెస్సీ ఫిజిక్స్ నగరంలో. ఆ తర్వాత ఒక లాబ్‌లో చేరాను. దాని పేరు రాయను. అక్కడ ఇప్పటికీ మంచివాళ్ళు పనిచేస్తున్నారు, వాళ్ళను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. చెడ్డవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకు ఉచితంగా ప్రచారం చేయడం అంతకన్నా ఇష్టం లేదు.

బావిలో కప్ప

పని ఏందో చెబుతాను. సినిమాల్లో చూపించేంత గొప్పగా ఉండదు.

వేడి ఉన్న ప్రతి వస్తువూ, మీ చెయ్యి, ఇస్త్రీపెట్టె, అడవిలో దుప్పి, కంటికి కనబడని ఒక వెలుగును వదులుతూ ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి మేం గాలియం ఆర్సెనైడ్ అనే పదార్థాన్ని పొరలుగా పెంచేవాళ్ళం. ఒక పలుచటి పొర, దానికి అటూ ఇటూ అల్యూమినియం కలిపిన పొరలు. మధ్య పొర మందం మహా అయితే పది పదిహేను అణువుల వరస. అందులో ఎలక్ట్రాన్ బావిలో కప్పలాగా పడి ఉంటుంది. ఆ కనబడని వెలుగు వచ్చి తాకితే ఎగిరి గట్టెక్కుతుంది. గట్టెక్కిన కప్పలన్నీ కలిసి కరెంటు. అట్లాంటి బావులు ఒకదాని మీద ఒకటి పదుల కొద్దీ పేర్చి, మొత్తాన్ని చిన్న చిన్న గడులుగా కోస్తే అది డిటెక్టర్. ఒక్కో గడి ఒక్కో కన్ను. గోరంత ముక్క మీద లక్షకు దగ్గరగా కళ్ళు.

దీనితో చిక్కులు చాలా ఉన్నాయి. మామూలు వేడికే కప్పలు వాటంతటవే ఎగిరిపోతుంటాయి, కాబట్టి గడ్డకట్టే చలికన్నా చాలా కింద ఉంచాలి. నిటారుగా వచ్చే వెలుగును ఇది పట్టుకోదు, కాబట్టి వెనక గీతలు చెక్కి వెలుగును పక్కకు మళ్ళించాలి. మెర్క్యురీ కలిపిన పదార్థంతో డిటెక్టర్లు చేసేవాళ్ళు క్యాంటీన్‌లో మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. "మీది సగం గుడ్డిది" అని. నిజమే, వాళ్ళది మాకన్నా ఎక్కువ వెలుగు పట్టుకుంటుంది. కానీ వాళ్ళ గడులు ఒకటి ఒక తీరు, ఇంకోటి ఇంకో తీరు, పైగా ఇవ్వాళున్నట్టు రేపుండవు. మావి తక్కువ చూసినా అన్నీ దాదాపు ఒక్కతీరుగా చూస్తాయి. నెల తర్వాత కూడా అదే మాట చెబుతాయి. మాట మీద నిలబడటం, మా డిటెక్టర్‌కున్న ఒకే ఒక్క గుణం. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. మేం చెడగొట్టింది సరిగ్గా దాన్నే.

పౌడరు ఎవరిది

నేను చేరిన కొత్తలో ఆడపిల్లలందరినీ వైర్ బాండింగ్‌లో వేసేవాళ్ళు. వెంట్రుకలో మూడోవంతు ఉండే బంగారు తీగలను మైక్రోస్కోపు కింద అతికించే పని. "ఆడవాళ్ళ వేళ్ళు సన్నం" అనేవాడు మా విభాగం అధిపతి. ఆయన్ని అందరం పెద్దసార్ అనేవాళ్ళం, ఇక్కడా అట్లాగే అంటాను. నా వేళ్ళు మీరు చూడలేదు. మా అమ్మమ్మ వేళ్ళు, పిడకలు కొట్టడానికి పుట్టినవి. అయినా అతికించాను. తీగలు మేం అతికించాం, పరిశోధన పేపర్లలో పేర్లు సన్నం కాని వేళ్ళవాళ్ళవి వచ్చాయి.

ఒక సంవత్సరం వరసగా మూడు విడతల పొరలు చెడిపోయాయి. గాజు మీద చీమలు నడిచినట్టు చుక్కలు. పెద్దసార్ మీటింగ్ పెట్టి, మా వైపు చూడకుండా గోడతో మాట్లాడినట్టు, "క్లీన్ రూమ్‌లోకి పౌడర్లు, పూలు పెట్టుకొని వస్తే ఇట్లాగే ఉంటుంది" అన్నాడు. మేం నలుగురం ఆడవాళ్ళం. ఆ రోజు నుంచి గుమ్మం దగ్గర మా మొహాలు తెల్ల గుడ్డతో తుడిచి చూసేవాళ్ళు. పదిహేను రోజులు తుడిపించుకున్నాం.

చివరికి ఆ చుక్కల్ని పరీక్షకు పంపితే పసుపు, కుంకుమ, కాస్త కర్పూరం మసి తేలాయి. దసరాకు ఆయుధపూజ చేస్తూ పెద్దసార్ స్వయంగా లోపలికి పోయి, పొరలు పెంచే యంత్రం తలుపు రబ్బరు మీద బొట్లు పెట్టి హారతి ఇచ్చాడు. దేవుడితో నాకు పేచీ లేదు. నాన్న బావిలోకి దిగేముందు మైసమ్మకు మొక్కేవాడు. కానీ ఆయన మొక్కి, దుంగ కూడా సరిగ్గా నిలబెట్టేవాడు. పెద్దసార్ మాకు క్షమాపణ చెప్పలేదు. మరుసటి ఏడు పూజ గది బయట చేయించాడు, అంతే. ఆయన తప్పు తెలిసినప్పుడు పద్ధతి మారుతుంది, మన తప్పని అనుమానం వచ్చినప్పుడు మొహం తుడుస్తారు. ఈ తేడా ముందే తెలుసుకొని చేరండి.

మంచి బాస్ ఎవరూ లేరా అంటారు. ఒకాయన ఉండేవాడు. సుదర్శనం గారని, డిటెక్టర్లను చల్లబరిచే విభాగంలో టెక్నీషియన్. నాకు బాస్ కాదు, హోదాలో నాకన్నా కింద. నేర్పింది మాత్రం ఆయనే. కెమెరా నుంచి వచ్చే బొమ్మను మేం రకరకాలుగా దిద్దుతాం. దిద్దకముందు ఉండేదాన్ని ఆయన 'పచ్చిది' అనేవాడు. "పచ్చిది దాచుకో విమలమ్మా. వండింది ఎవరైనా వడ్డిస్తరు" అనేవాడు. అప్పటినుంచి ఏ కెమెరా పెట్టినా, రోజుకు ఒక పచ్చి బొమ్మ విడిగా ఒక కార్డులో పడేటట్టు పెట్టడం నాకు అలవాటైంది. ఎవరూ అడగరు, ఎవరూ చూడరు. చెప్పులు తిన్నగా విడిచే అలవాటులాంటిది.

తాంబాళం

ఇక అసలు సంగతి.

మా కెమెరాను బొగ్గు యార్డులో పరీక్షించాలని పైనుంచి ఆర్డరొచ్చింది. సత్తుపల్లి నుంచి అడవి మొదలయ్యే వైపు ఒక ప్రైవేటు యార్డు, గనుల నుంచి బొగ్గు కొని నిల్వ చేసేది. బొగ్గు కుప్ప కదలకుండా చాలా రోజులుంటే లోపల దానంతటదే రాజుకుంటుంది. పైకి పొగ వచ్చేసరికి లోపల గుల్లయిపోయి ఉంటుంది. కెమెరా ముందే పట్టుకుంటే ఆ చోటును లోడర్‌తో తవ్వి, పరిచి, చల్లార్చొచ్చు. మంచి పని. నేను సంతోషంగా పోయాను. ఇరవై ఏళ్ళు గోరంత ముక్కలతో గడిపాక, అది ఎవరికైనా పనికొస్తుందంటే సంతోషం ఉండదా?

అంతకుముందు ఆ పని చేసింది లచ్చమ్మ. కుప్పలకు పైపుతో నీళ్ళు కొట్టే మనిషి, యాభై దాటింది. పుట్టింది పెరిగింది బొగ్గు ఊళ్ళలో. పొద్దున్నే కుప్పల చుట్టూ ఒక తిరుగు తిరిగి, అనుమానమున్న చోట చెయ్యెత్తి నిలబడేది. చెయ్యెత్తితే లోడర్ కదలాలి. కాగితం మీద లేని రూలు, కానీ ఎవరూ దాటని రూలు.

మొదటి రోజే నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏ ఊరు మేడమ్?"

"ఇల్లందు."

"ఇల్లందు బిడ్డవా. మరి గీ డబ్బా పట్టుకొచ్చినవేంది? బొగ్గు వాసన తెల్వదా నీకు?"

"తెలుసక్కా. డబ్బాకు కూడా నేర్పుదామని."

"నేర్పు. ముక్కు పెట్టినవా మరి దానికి?"

కెమెరాను గట్టు మీద ఇనుప స్తంభానికి బిగించాం, కుప్ప మొత్తం కనబడేటట్టు. అది ఎటూ తిరగదు. ఇప్పుడు ఒక్క సాంకేతిక విషయం ఓపిగ్గా వినండి, కథంతా దాంట్లోనే ఉంది. లక్ష కళ్ళు ఎంత ఒక్కతీరుగా ఉన్నా కొంచెం కొంచెం తేడాలుంటాయి. అందుకని అంతటా ఒకే వేడి ఉన్న నల్ల రేకును ముందు అడ్డం పెట్టి, ఒక బటన్ నొక్కుతాం. 'నక్ కొట్టడం' అంటాం దాన్ని. ఆ క్షణంలో ఏ కన్ను ఎంత తేడాగా చెబుతుందో కెమెరా గుర్తుపెట్టుకొని, ఆ తర్వాత అంతా ఆ తేడాను తీసేసి చూపిస్తుంది. అంటే నక్ కొట్టినప్పుడు ముందు ఏది ఉందో అది దానికి సున్నా. "ఇక్కడ ఏమీ లేదు" అని దానికి నేర్పే క్షణం అది.

కెమెరా లోపల ఈ పనికి ఒక చిన్న రేకు ఉంటుంది, దానంతటదే అడ్డం వస్తుంది. వారం తిరగకముందే అది బొగ్గు దుమ్ముకు బిగుసుకుపోయింది. సత్తుపల్లి బజారుకు పోయి ఒక అల్యూమినియం తాంబాళం కొని, బడి బోర్డుకు వేసే నల్లరంగు పూయించాను. పొద్దున్నే గట్టెక్కి లెన్సు ముందు తాంబాళం పట్టుకునే పని లచ్చమ్మకు ఒప్పజెప్పాను. ఇదే తాంబాళంలో తన మనవరాలికి పుట్టువెంట్రుకలు తీయిస్తానని నవ్వేది. నేను బటన్ నొక్కేదాన్ని. నిజానికి మా డిటెక్టర్‌కు రోజూ అక్కర్లేదు, నెలకోసారి చాలు. కానీ అద్దం మీద దుమ్ము పడితే బొమ్మలో మరకలు వస్తాయి. పెద్దసార్‌కు మరకలు గిట్టవు. మరక ఉంటే అద్దం తుడవాలి. తుడవాలంటే నిచ్చెన కావాలి, మనిషి కావాలి. బటన్ నొక్కితే మరక కూడా సున్నా అయి మాయమవుతుంది. ఆయన రోజూ నక్ కొట్టమన్నాడు. కొట్టాను. అక్కడికైతే ప్రమాదం లేదు. ముందు తాంబాళమే ఉంది కదా.

నాలుగో లైను

అప్పుడు ఎవరో పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. పెద్దసార్ రెండు రోజులు ముందే దిగాడు. పొద్దున్నే గట్టు మీద లచ్చమ్మను చూశాడు. తలకు తువ్వాల చుట్టుకొని, మోకాళ్ళదాకా బూట్లు వేసుకొని, రెండు చేతులతో నల్ల తాంబాళం ఎత్తి పట్టుకొని ఉంది.

"ఇదేంటమ్మా విమలా? కెమెరాకు హారతి ఇస్తున్నారా?"

అన్నది ఎవరు? యంత్రానికి బొట్లు పెట్టిన మనిషి.

"లోపలి రేకు పనిచేయట్లేదు సార్. ఇదే దారి."

"ప్రపంచ స్థాయి డిటెక్టర్ ముందు వంటపాత్రా? ఫొటోలు తీస్తారమ్మా రేపు. ఆవిడను పంపించెయ్యి. కుప్ప వైపే చూపించి కొట్టెయ్యొచ్చుగా, బొగ్గంతా ఒకటే నలుపు."

"ఒకటే నలుపు కావొచ్చు సార్, ఒకటే వేడి అని ఎట్ల చెబుతాం? కుప్పలో వేడి చోటుంటే అదీ సున్నా అయిపోతుంది."

"ఉంటే నిన్ననే చూపించి ఉండేది కదా? చూపించలేదంటే లేనట్టే. నువ్వు ప్రతిదానికీ వాదిస్తావు."

నేను ప్రతిదానికీ వాదిస్తాను, నిజం. క్యాంటీన్ పప్పులో ఉప్పు గురించి వాదించాను, లిఫ్టులో ఫ్యాన్ గురించి వాదించాను. ఆ రోజు మాత్రం రెండు వాక్యాలు అని ఊరుకున్నాను. ఎందుకు? మూడు వారాలుగా కిరాయి గదిలో ఉంటున్నాను, ఒళ్ళంతా బొగ్గు, ఇంటికి పోవాలని ఉంది. రెండు రోజుల ముచ్చటే కదా, తర్వాత మళ్ళీ తాంబాళం పెట్టుకోవచ్చు అనుకున్నాను. ఆపరేటర్ల కోసం గోడకు అంటించే పద్ధతి కాగితంలో ఒక లైను కలిపాను. వచ్చినవాళ్ళు వచ్చారు, చూశారు, ఫొటోలు తీసుకున్నారు, పోయారు. నేనూ పోయాను. కాగితం గోడకే ఉంది.

తర్వాత జరిగింది అర్థమైందా? లారీలు తగ్గిన సీజను, కుప్ప కదలట్లేదు. లోపల ఒక చోట రాజుకోవడం మొదలైంది. మెల్లగా, రోజుకు కొంచెం. పొద్దున్నే ఆపరేటర్ కుప్ప వైపు చూపించి బటన్ నొక్కుతాడు. నిన్నటిదాకా పెరిగిన వేడి సున్నా. మళ్ళీ తెల్లారుతుంది, మళ్ళీ సున్నా. ఒక్క రోజులో పెరిగేది అలారం మోగేంత ఉండదు. మాట మీద నిలబడే డిటెక్టర్‌ను తెచ్చి, దాని నోట్లోంచి ప్రతి ఉదయం నిన్నటి మాట పీకేశాం.

చెమట

పది రోజుల తర్వాత మళ్ళీ యార్డుకు పోయాను. గేటు దగ్గరే లచ్చమ్మ ఎదురొచ్చింది.

"మేడమ్, ఉత్తరం మూల చూసినవా? మంచు పడ్డా గాడ పొడిగనే ఉంటున్నది. పక్కకు చెమట పోస్తున్నది. కిరసనాయిలు వాసన."

"సూపర్‌వైజర్‌కు చెప్పినవా అక్కా?"

"రెండుసార్లు చెప్పిన. చెయ్యెత్తిన. లోడరోడు కదుల్తలేడు."

సూపర్‌వైజర్ యాదగిరి చెడ్డవాడు కాదు. "నేనేం చెయ్యాలె మేడమ్? కెమెరా వచ్చినంక రూల్ మారింది. అలారం కొడ్తెనే లోడర్ పంపాలన్నరు. నోటిమాటకు డీజిల్ పోస్తె నా మీదికొస్తది" అన్నాడు.

నేను తెర చూశాను. కుప్పంతా ఒకటే బూడిదరంగు, నున్నగా, మరక లేకుండా. అంత అందమైన బొమ్మ నేను లాబ్‌లో కూడా చూడలేదు. అప్పుడే అనుమానం రావాలి. నెల దాటి దుమ్ములో ఉన్న కెమెరాకు అంత శుభ్రమైన బొమ్మ ఎక్కడినుంచి వస్తుంది? నాకు రాలేదు. గోడ మీద కాగితం నా భుజానికి జానెడు దూరంలో ఉంది. నేను అటు చూడలేదు.

"ఏం లేదక్కా. అంతటా ఒకటే ఉంది" అన్నాను.

లచ్చమ్మ తెర వైపు చూసింది, నా వైపు చూసింది. "మంచిది. నీ డబ్బా చదువుకున్నది, నేను చదువుకోలే" అని పోయింది.

మరుసటి పొద్దున ఎవరికీ చెప్పకుండా పైపు లాక్కొని ఆ మూల ఎక్కింది, తనే నీళ్ళు కొడదామని. పైపెచ్చు కూలింది. కుడికాలు మోకాలుదాకా లోపలికి పోయింది. లోపల నిప్పు. బూటు కరిగి కాలికి అంటుకుంది. యాదగిరి, లోడర్ డ్రైవర్ కలిసి బయటికి లాగారు. ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయే జీపులో ఆమె అరవలేదట. "పైపు బంద్ చెయ్యుండ్రి, నీళ్ళు పోతున్నయి" అందట.

సంతకం

మూడో రోజుకల్లా నివేదిక తయారైంది. యార్డువాళ్ళూ మావాళ్ళూ కలిసి రాసుకున్నారు. అందులో రెండు ముక్కలు: అనుమతి లేకుండా కుప్ప ఎక్కడం కార్మికురాలి నిర్లక్ష్యం. ఆ చోట అసాధారణ ఉష్ణోగ్రత ఏదీ కెమెరాలో నమోదు కాలేదు.

ఆ మొదటి ముక్క నిలిచిందంటే లచ్చమ్మ పని పోయినట్టే. పని ఒక్కటే కాదు. నలభై ఏళ్ళు బొగ్గును చదివిన మనిషి, బొగ్గు తెలియక కాలు కాల్చుకుందని కాగితం మీద ఉండిపోతుంది.

"సార్, ఆమె మూడుసార్లు చెప్పింది. నాకూ చెప్పింది" అన్నాను.

పెద్దసార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ అద్దాలు మాత్రం ఆయన రోజూ తుడిచేవాడు. "చెప్పింది అన్నది ఎక్కడైనా రాసుందా? కెమెరాలో నమోదు కాలేదన్నది అబద్ధమా? ప్రతి అక్షరం నిజమేగా. డిటెక్టర్ బాగానే ఉంది. నీ ఇరవై ఏళ్ళ పనమ్మా అది. నీ చేతులతో నువ్వే పాడు చేసుకుంటావా?"

చేశాను సంతకం. ఎవరూ నా చెయ్యి పట్టుకొని పెట్టించలేదు. అది నా డిటెక్టర్, దానికి చెడ్డపేరు రావొద్దనే స్వార్థం. పెద్దసార్ నన్ను బెదిరించలేదు, నాకు నచ్చే మాట చెప్పాడు. బెదిరిస్తే ఎదురు తిరిగేదాన్ని. మీ బాస్ మిమ్మల్ని పొగిడినప్పుడు కాగితాన్ని రెండుసార్లు చదవండి.

ఆ ఆదివారం ఖమ్మం దవాఖానాకు పోయాను. బత్తాయిలు పట్టుకొని, సిగ్గులేకుండా. కాలికి తొడదాకా కట్టు. లచ్చమ్మ నన్ను కూర్చోమంది. కాసేపు ఇల్లందు గురించి, ఏ బావి ఎప్పుడు మూసేశారనే దాని గురించి మాట్లాడింది. తర్వాత అడిగింది.

"ఒక్కటి చెప్పు బిడ్డా. నన్ను తిట్టుకుంటవని కాదు గాని, నాకు తెల్సుకోవాలని ఉన్నది. నీ డబ్బాకు నిజంగనే కనబడలేదా? నాకు కనబడింది దానికెట్ల కనబడలే? నా ముక్కు చెడిపోయిందా అనుకుంటున్న పండుకున్నకాడ."

బత్తాయి ఒకటి వొలిచి ఆమె చేతిలో పెట్టి లేచాను. బస్సెక్కి మధిర దాకా ఎందుకు పోయానో తెలియదు, ఎక్కాల్సింది సత్తుపల్లి బస్సు. వాపసు వచ్చేటప్పుడు సుదర్శనం గారి మాట తలకెక్కింది. పచ్చిది.

కార్డు కెమెరాలోనే ఉంది. ప్రతి ఉదయం నక్ కొట్టడానికి ముందు ఒక పచ్చి బొమ్మ, నా అలవాటు ప్రకారం, పడుతూనే ఉంది. నేను పెట్టి మరిచిపోయాను. పెద్దవాళ్ళు వచ్చిన రోజు బొమ్మను తీసి, తర్వాతి ఒక్కో బొమ్మలోంచి దాన్ని తీసివేశాను. స్కూలు పిల్లలు చేసే తీసివేత. మూడో రోజు ఉత్తరం మూల నువ్వుగింజంత తెల్లచుక్క, అంటే వేడి. ఆరో రోజుకు పెసరగింజ. పదకొండో రోజు పొద్దున, లచ్చమ్మ కుప్ప ఎక్కడానికి గంట ముందు, చింతగింజ.

డిటెక్టర్ చూసింది. ఒక్క రోజు కూడా మాట తప్పలేదు. దాచుకోవడం నేర్చుకున్నదాన్ని, తీసి చూడటం నేర్చుకోలేదు.

తెర ముందు

ప్రమాదం మీద విచారణకు వచ్చిన ప్రభుత్వ అధికారి ముందు ఆ పదకొండు బొమ్మలూ వరసగా వేశాను. గదిలో పెద్దసార్, యార్డు మేనేజరు, యాదగిరి ఉన్నారు. నువ్వుగింజ వాళ్ళ కళ్ళముందే చింతగింజ అయింది. తర్వాత పెద్దసార్ అన్నాడు, "ఇది అధికారిక డేటా కాదు."

"అవును సార్, ఇది వండనిది" అన్నాను.

యాదగిరి మాత్రం తెర దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూపించాడు. "గిదే జాగ. గిక్కడనే నిలబడి చెయ్యెత్తింది" అన్నాడు. ఎవరూ అడగకుండానే. అతని ఉద్యోగం కూడా పోయేదే. చదువుకున్న మేం అందరం కలిసి చూపించనంత ధైర్యం ఆ వేలిలో ఉంది. నా సంతకాన్ని వెనక్కు తీసుకుంటున్నానని అక్కడే రాసిచ్చాను.

'కార్మికురాలి నిర్లక్ష్యం' అన్న ముక్క కొట్టేశారు. లచ్చమ్మ ఆరునెలలకు కర్ర పట్టుకొని యార్డుకు తిరిగి వచ్చింది. పైపు మోయలేదు కాబట్టి ఆమెకు ఒక విజిల్ ఇచ్చి కూర్చోబెట్టారు. విజిల్ ఊదితే లోడర్ కదలాలి. ఈసారి కాగితం మీద ఉంది. నేను పోయి, కుప్ప ముందు నిలబడి, ఆమె అడిగినదానికి జవాబు చెప్పాను. "నీ ముక్కు బాగనే ఉందక్కా. డబ్బాకూ కనబడింది. మేమే చూపించొద్దన్నం."

కర్రతో బొగ్గును పొడిచింది. "గా మాట దవాఖానల చెప్తే అయిపోవు గద" అంది. "ఆరు నెలలు నా ముక్కును తిట్టుకున్న." ఆమె నన్ను క్షమించానని చెప్పలేదు, నేనూ అడగలేదు.

పెద్దసార్‌కు ఏమీ కాలేదు. ఆయన ఉపన్యాసాల్లో ఆ యార్డు ఫొటో ఇప్పటికీ ఉంది, 'క్షేత్రంలో నిరూపితం' అని కింద రాసి. నన్ను లైబ్రరీ కమిటీలో వేశారు. ఏడాది చూసి, ముందే రిటైర్మెంట్ తీసుకొని ఇటు వచ్చేశాను. నాకు బాధ లేదు, కోపం ఉంది. అది తగ్గాలని కూడా లేదు.

కాలేజీలో అడిగిన ఆ అమ్మాయికి: డిటెక్టర్ చేయడం నేర్చుకో, అది గొప్ప పని, నీ వేళ్ళు ఎట్లాంటివైనా సరే. పచ్చిది దాచుకో, దాచి చూడు. కుప్ప పక్కన పుట్టి పెరిగినవాళ్ళు ఏదైనా చెబితే నీ తెరను అనుమానించు, వాళ్ళను తర్వాత. ఇంకొకటి. మా విచారణ చివరి నివేదికలో కారణం అన్నచోట 'పద్ధతిలో లోపం' అని ఉంది. ఎవరు రాసిన పద్ధతి, ఏ లోపం అన్నది లేదు. పద్ధతి దానంతటదే గోడ మీద మొలిచినట్టు. అది మొలవలేదు. గోడకు అంటించిన ఆ కాగితంలో నాలుగో లైను ఇది: 'తాంబాళం వీలుకానప్పుడు కుప్ప వైపే చూపించి నక్ కొట్టవచ్చు.'

నీలం సిరా. చేతిరాత నాది.